క్షమాపణ అందింది, ఒప్పుకోలేదు

1986 ఆగస్టులో యునైటెడ్ చర్చి ఆఫ్ కెనడా మహాసభలు సడ్బరీ పట్టణంలో జరిగాయి. లారెన్షియన్ విశ్వవిద్యాలయం భవనంలో ప్రతినిధులు వాదించుకుంటున్నారు. బయట కార్లు ఆపుకునే చోట ఆదివాసీ పెద్దలు తమ పద్ధతిలో గుడారం వేసుకుని, పవిత్రంగా భావించే నెగడు రాజేసుకుని, లోపలి నుంచి కబురు కోసం కూర్చున్నారు. అక్కడ తేలాల్సింది ఒక్కటే: ఇన్ని తరాలుగా ఈ జనానికి చేసినదానికి చర్చి క్షమాపణ చెప్పాలా, వద్దా?

ఈ ఆలోచన చర్చికి తనంతట తానుగా తట్టింది కాదు. అంతకుముందు ఏడాది అల్బర్టా బిల్లీ అనే ఆదివాసీ మహిళ చర్చి కార్యవర్గ సమావేశంలో లేచి, మీరు మావాళ్లకు క్షమాపణ చెప్పాల్సిన వేళయిందని ముఖానే అనేశారు. ఆ తర్వాత ఏడాది పాటు తర్జనభర్జనలు నడిచాయి. చివరికి ఆగస్టు 15న సభాధ్యక్షుడు రాబర్ట్ స్మిత్ గుడారం దగ్గరికి నడిచి వెళ్లి క్షమాపణ పత్రం చదివారు. మీ పూర్వీకులకు దైవం గురించి తెలిసినదాని లోతు మేం చూడలేకపోయాం, క్రీస్తును నమ్మాలంటే మాలాగే బతకాలని పట్టుబట్టాం, దానివల్ల మీరూ నష్టపోయారు, మేమూ నష్టపోయాం అన్నది దాని సారాంశం.

పెద్దలు సంతోషించారు. కానీ "మన్నించాం" అనలేదు. ఈ మాట మావాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి, నలుగురం కూర్చుని మాట్లాడుకోవాలి అన్నారు. రెండేళ్లు మాట్లాడుకున్నారు. 1988లో విక్టోరియాలో జరిగిన తర్వాతి మహాసభలో వాళ్ల తరఫున ఎడిత్ మెమ్నూక్ జవాబు చెప్పారు. మీ క్షమాపణ మాకు అందింది, ఇది నామమాత్రం కాకుండా చేతల్లో కనబడాలని ఆశిస్తున్నాం అన్నారు. అందిందన్నారే తప్ప ఒప్పుకున్నామనలేదు. సడ్బరీలో క్షమాపణ చదివిన చోట రాళ్లు పేర్చి ఒక గుట్ట కట్టారు. దాన్ని కావాలనే సగంలో ఆపేశారు. పేర్చాల్సిన రాళ్లు ఇంకా ఉన్నాయని దాని అర్థం.

మనకు క్షమాపణలు కొత్తేం కాదు. ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నానంటూ పొద్దున ఒక వీడియో వస్తుంది, సాయంత్రానికి వివాదం సద్దుమణిగిందని వార్త వస్తుంది. దెబ్బ తిన్నవాళ్లు ఏమన్నారో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మతపెద్దల విషయంలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. పాపం, పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం అన్న మాటలు వాళ్లకు రోజూ నోట్లో నానేవే. అలవాటైన నోటి నుంచి అలవాటైన మాట వచ్చినప్పుడు అది గుండెలోంచి వచ్చిందో, నాలుక మీది నుంచే వచ్చిందో పోల్చుకోవడం కష్టం. కెనడా చర్చిలు నాలుగు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన క్షమాపణలు అందుకు మంచి గీటురాయి. ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పాక ఏం చేశారు అన్నదంతా కాగితాల మీద ఉంది.

అసలు ఆ చర్చిలు చేసిన తప్పేమిటి?

మన దగ్గర రెసిడెన్షియల్ స్కూలంటే సర్వేల్, తాడికొండ గుర్తొస్తాయి. ప్రవేశ పరీక్ష రాసి, సీటొస్తే ఊరంతా గొప్పగా చెప్పుకునే బడులవి. కెనడా ఆదివాసీ ఇళ్లలో అదే మాట పీడకల. 1880ల నుంచి 1990ల దాకా ప్రభుత్వం డబ్బిచ్చింది, చర్చిలు బడులు నడిపాయి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి, భాష నుంచి, ఆచారాల నుంచి విడదీసి, తెల్లవాళ్లలా తయారు చేయడం వాటి లక్ష్యం. దాన్ని ఎవరూ దాచుకోలేదు కూడా. 1920లో చట్టం సవరించి పిల్లల్ని పంపడం తప్పనిసరి చేశారు. మొత్తం మీద సుమారు లక్షన్నర మంది పిల్లలు ఈ బడుల్లో పెరిగారు. వీటిలో 60 శాతం దాకా క్యాథలిక్ సంస్థల చేతిలో ఉండేవి. మిగతావి ఆంగ్లికన్, యునైటెడ్, ప్రెస్బిటేరియన్ చర్చిలు నడిపాయి.

చేరిన రోజే జుట్టు కత్తిరించేవారు. ఇంటి బట్టలు తీసేసుకునేవారు. చాలా బడుల్లో పేరుకు బదులు నంబరుతో పిలిచేవారు. సొంత భాషలో మాట్లాడితే దెబ్బలు పడేవి. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల పిల్లకు అమ్మమ్మ బడి కోసమని నారింజ రంగు చొక్కా కొనిచ్చింది. విలియమ్స్ లేక్ దగ్గరి మిషన్ బడిలో మొదటి రోజే ఆ చొక్కా విప్పించి తీసుకున్నారు. మళ్లీ ఇవ్వలేదు. పెద్దయ్యాక ఆమె ఈ సంగతి చెప్పాక, సెప్టెంబరు 30న కెనడా అంతటా నారింజ చొక్కాలు వేసుకోవడం మొదలైంది. 2021 నుంచి అది జాతీయ దినం. బ్రాంప్టన్‌లో, ఎడ్మంటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ల పిల్లలూ ఆ రోజు నారింజ చొక్కాలు తొడుక్కుని బడికి వెళ్తారు. ఎందుకో వాళ్లకు తెలుసు. ఇక్కడి తాతయ్యలకు, అమ్మమ్మలకు ఫోన్లో ఆ కథ చెబుతారో లేదో మరి.

తెలియక జరిగిందనడానికి వీల్లేదు. డాక్టర్ పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యాధికారి 1907లో ప్రెయిరీ ప్రాంతంలో 35 బడులు తిరిగి నివేదిక రాశారు. లెక్కలు పంపిన 15 బడుల్లో చేరిన పిల్లల్లో 24 శాతం చనిపోయారని, ఒక బడిలో ఈ లెక్క 69 శాతమని తేలింది. ముఖ్యంగా క్షయ. గాలి ఆడని గదులు, చాలీచాలని తిండి. పత్రికల్లో వచ్చింది, నాలుగు రోజులు గొడవైంది, మళ్లీ అంతా మామూలే. ఉద్యోగం వదిలాక 1922లో బ్రైస్ సొంతంగా ఒక చిన్న పుస్తకం వేశారు. దానికి ఆయన పెట్టిన పేరు "ఒక జాతీయ నేరం కథ". ఆ తర్వాత కూడా ఏడు దశాబ్దాల పైచిలుకు ఆ బడులు నడిచాయి. ఇప్పటిదాకా పేర్లతో సహా నమోదైన మరణాలే నాలుగు వేలు దాటాయి.

ఇప్పుడు సడ్బరీ పత్రానికి మళ్లీ వెళ్దాం. ఎంతో నిజాయితీగా కనిపించే ఆ పత్రంలో ఈ బడుల గురించి ఒక్క ముక్క లేదు. మతం పేరుతో సంస్కృతిని రుద్దామని ఉంది. పిల్లల ఊసు లేదు. పెద్దలు తొందరపడి "మన్నించాం" అనకపోవడం ఎంత మంచిదైందో పన్నెండేళ్ల తర్వాత తెలిసింది. 1998 అక్టోబరులో అప్పటి సభాధ్యక్షుడు బిల్ ఫిప్స్ బడుల విషయంలో విడిగా రెండో క్షమాపణ చెప్పారు. అదే ఏడాది జూన్‌లో పోర్ట్ అల్బర్నీ బడి కేసులో బ్రిటిష్ కొలంబియా కోర్టు ప్రభుత్వాన్నీ చర్చినీ కలిపి బాధ్యులుగా తేల్చింది. మనసు కదిలి చెప్పారా, కోర్టు కదిలించి చెప్పించిందా? రెండూ అయ్యుండొచ్చు. కోర్టు తలుపు చప్పుడు విన్నాక వచ్చే పశ్చాత్తాపానికి విలువ కొంచెం తక్కువే. అయినా పూర్తిగా కొట్టిపారేయలేం. ఆ చర్చి అప్పటికే గాయాలు మాన్పే పనుల కోసం నిధి పెట్టింది.

ఈ రెండు క్షమాపణల మధ్య మరో రెండు వచ్చాయి. 1991 జులైలో ఆల్బర్టాలోని లాక్ సెంట్ ఆన్ సరస్సు ఒడ్డున ఏటా జరిగే ఆదివాసీ క్యాథలిక్కుల యాత్రలో ఆబ్లేట్ సభ తరఫున డగ్ క్రాస్బీ క్షమాపణ చెప్పారు. క్యాథలిక్ బడుల్లో ఎక్కువ భాగం నడిపింది ఈ ఆబ్లేట్ ఫాదరీలే. కొందరు చెడ్డవాళ్ల వల్ల జరిగిందని ఆయన తప్పించుకోలేదు. అసలు ఆ బడులు ఉండడమే తప్పని, వాటి ఉనికికే క్షమాపణ చెబుతున్నామని అన్నారు. మాటల వరకు చూస్తే ఇంతకంటే సూటిగా తర్వాత పోప్ కూడా చెప్పలేదు. అయితే ఆ బడుల రికార్డులు, పిల్లల చావు వివరాలున్న కాగితాలు ఇంకా మూడు దశాబ్దాలు అల్మారాల్లోనే ఉండిపోయాయి. 2021లో దేశమంతా గగ్గోలు పుట్టాక గానీ వాటిని పూర్తిగా తెరుస్తామని సభ ప్రకటించలేదు. 2022లో ఈ బడుల రికార్డులు భద్రపరిచే జాతీయ సత్య-సయోధ్య కేంద్రం తన ఆర్కైవిస్టును రోములో ఉన్న ఆబ్లేట్ల కేంద్ర కార్యాలయానికి పంపాల్సి వచ్చింది. తమ్ముడు ఏ సమాధిలో ఉన్నాడో తెలియని అక్కకు ఎంత గొప్ప వాక్యం చదివి వినిపించినా ఏం లాభం? ఆమెకు కావాల్సింది రిజిస్టరులో ఒక పేజీ.

1993 ఆగస్టు 6న మినాకీలో ఆంగ్లికన్ ప్రధాన బిషప్పు మైకేల్ పీర్స్ చెప్పిన క్షమాపణ తీరు వేరు. ముందు ఆయన కూర్చుని విన్నారు. బడుల్లో చదివినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి తమకు జరిగింది చెబుతుంటే విన్నారు. ఆ తర్వాతే నోరు విప్పారు. మిమ్మల్ని మా అచ్చులో పోయాలనుకున్నాం, మీ ఇళ్ల నుంచి మీ పిల్లల్ని తీసుకెళ్లాం, చేతలు లేని ఉత్త మాటలు మీరు ఎన్నిసార్లు విన్నారో నాకు తెలుసు అన్నారు. మర్నాడు పెద్దల తరఫున వై స్మిత్ అనే మహిళ లేచి ఆ క్షమాపణను ఒప్పుకుంటున్నామన్నారు.

దాని వెల తర్వాత తెలిసింది. లిట్టన్‌లోని సెయింట్ జార్జ్ బడిలో పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాల కేసుల్లో పరిహారాలు, కోర్టు ఖర్చులు కలిసి ఆంగ్లికన్ల క్యారిబూ మేత్రాసనాన్ని దివాలా అంచుకు తెచ్చాయి. 2001 చివరికి ఆ మేత్రాసనం కార్యకలాపాలే ఆగిపోయాయి. ఇలాంటివి చూసి చర్చిలే కాదు, ఆసుపత్రులు, కంపెనీలు కూడా నోరు విప్పడానికి జంకాయి. సారీ అంటే నేరం ఒప్పుకున్నట్టేనని వకీళ్ల హెచ్చరిక. ఆ భయం పోగొట్టడానికి 2006లో బ్రిటిష్ కొలంబియా ఒక చట్టం చేసింది. క్షమాపణ చెప్పినంత మాత్రాన కోర్టులో దాన్ని తప్పు ఒప్పుకున్నట్టు వాడకూడదని దాని తాత్పర్యం. 2009లో ఆంటారియో కూడా అదే దారి పట్టింది. మంచి చట్టమే, కానీ దానితో ఒక తిరకాసు వచ్చింది. చెబితే ఏదో ఒకటి పోతుందన్న భయం ఉన్నప్పుడు చెప్పిన క్షమాపణకు ఉన్న బరువు, ఏమీ పోదని హామీ దొరికాక చెప్పినదానికి ఉంటుందా?

క్యాథలిక్కుల సంగతి మరీ చిక్కుది. కెనడాలో మాకు ఒక కేంద్ర చర్చి అంటూ లేదు, ఏ మేత్రాసనానికి ఆ మేత్రాసనం, ఏ సభకు ఆ సభ వేరని బిషప్పులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. చట్టప్రకారం అది నిజమే. బడిలో చేరిన పిల్ల మీద చెయ్యి చేసుకున్న కన్యస్త్రీ మాత్రం ఏ రిజిస్ట్రేషన్ నంబరు కింద కొట్టానో చెప్పలేదు. ఆ పిల్లకు తెలిసింది ఒక్క చర్చే.

ఈ మెలిక వెనక వేదాంతం కూడా ఉంది. క్యాథలిక్ బోధన ప్రకారం చర్చి పవిత్రమైనది. పాపం చేసేది దాని బిడ్డలే గానీ అది కాదు. 1522లో లూథర్ తిరుగుబాటు రోజుల్లో పోప్ ఆరవ హేడ్రియన్ న్యూరెంబర్గ్ సభకు దూతను పంపి, ఈ చెడంతా రోములోని మా కొలువు నుంచే కిందికి పాకిందని ఒప్పుకున్నారు. ఆయన ఆ మరుసటేడే చనిపోయారు. అంత తెగువ మళ్లీ శతాబ్దాలపాటు కనబడలేదు. 2000 మార్చి 12న రెండో జాన్ పాల్ సెయింట్ పీటర్ బసిలికాలో క్షమాపణ దినం జరిపించారు. యూదుల పట్ల, స్త్రీల పట్ల, ఇతర మతాల పట్ల జరిగినవన్నీ ప్రార్థనలో తలచారు. చరిత్రలో అది పెద్ద ఘట్టమే. కానీ అక్కడా తప్పు చర్చిది కాదు, చర్చి బిడ్డలది. మన్నింపు అడిగింది కూడా ప్రధానంగా దేవుణ్ని.

తెలుగు క్యాథలిక్కుల్లో పాపసంకీర్తనానికి వెళ్లేవాళ్లకు ఈ విషయం విడమర్చి చెప్పక్కర్లేదు. మనస్తాపం ఉండాలి, నోటితో ఒప్పుకోవాలి, ప్రాయశ్చిత్తం చేయాలి. దొంగిలించినవాడు సొమ్ము తిరిగివ్వకుండా ప్రార్థనలు చదివి బయటపడలేడు. సండే స్కూల్ పిల్లలకు కూడా తెలిసిన జక్కయ్య కథలో ఉన్నది ఇదే. మేడిచెట్టు దిగిన ఆ పన్ను వసూలుదారు కన్నీళ్లు పెట్టుకున్నాడని సువార్తలో ఎక్కడా లేదు. ఆస్తిలో సగం పేదలకు, మోసపోయినవాళ్లకు నాలుగింతలు అని లెక్క చెప్పాడు. చర్చి తన మందకు బోధించే కొలత అంత కచ్చితంగా ఉన్నప్పుడు అదే కొలత చర్చికీ పెట్టి చూడడంలో అన్యాయం ఏమీ లేదు.

ఆ లెక్కకే వద్దాం. బడుల బాధితులకు పరిహారం కోసం కుదిరిన 2006 ఒప్పందంలో క్యాథలిక్ సంస్థలు మూడు రకాలుగా ఇస్తామన్నాయి: 2.9 కోట్ల డాలర్లు నగదు, 2.5 కోట్ల విలువైన సేవలు, ఇంకో 2.5 కోట్లు శాయశక్తులా విరాళాలు పోగుచేసి. విరాళాల ఖాతాలో పడింది 40 లక్షల లోపే. 2015లో సస్కాచెవాన్ కోర్టు ఒక సాంకేతిక కారణంతో మిగతా బాధ్యత నుంచి వాళ్లను విడిపించింది. ఆ పదేళ్లలోనే అదే రాష్ట్రంలో సస్కటూన్‌లో 2.8 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొత్త కథెడ్రల్ లేచింది. గుళ్లకు, గోపురాలకు చేతులు తెరుచుకోవడం, పరిహారానికి ముడుచుకోవడం ఒక్క కెనడాకే పరిమితం కాదనుకోండి.

పోప్ స్వయంగా చెప్పాలన్న డిమాండ్ చాలా కాలం నలిగింది. 2009లో ఫిల్ ఫాంటెయిన్ నాయకత్వంలో ఆదివాసీ బృందం రోము వెళ్తే పదహారో బెనెడిక్ట్ లోపలి గదిలో విచారం వెలిబుచ్చారు. జస్టిస్ మర్రీ సింక్లెయిర్ అధ్యక్షతన ఈ బడులపై విచారణ జరిపిన సత్య-సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన 94 సిఫార్సుల్లో 58వది దీని గురించే: ఏడాదిలోగా పోప్ కెనడా గడ్డ మీదికి వచ్చి క్షమాపణ చెప్పాలి. 2017లో ప్రధాని ట్రూడో వాటికన్ వెళ్లి అడిగారు. 2018 మార్చిలో పోప్ స్వయంగా చెప్పలేరని బిషప్పుల లేఖ వచ్చింది. తర్వాత కొద్ది వారాలకే పార్లమెంటు దిగువ సభ 269-10 ఓట్లతో మళ్లీ అడిగింది. కదలిక లేదు.

2021 మే నెలలో కామ్‌లూప్స్ బడి ఆవరణలో భూమి లోపలికి చూసే రాడార్ సుమారు 200 సమాధులు ఉండొచ్చన్న ఆనవాళ్లు చూపించింది. వాటిని తవ్వి చూడలేదు. అయితే చిన్న బూట్ల జతలు చర్చి మెట్ల మీద వరసలు కట్టాయి. సెప్టెంబరులో బిషప్పులు ఉమ్మడిగా క్షమాపణ చెప్పి, అయిదేళ్లలో 3 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. 2022 ఏప్రిల్ 1న రోముకు వచ్చిన ఆదివాసీ బృందాల ముందు పోప్ ఫ్రాన్సిస్ మన్నింపు కోరారు. ఏడాదిలో జరగాలన్నది ఏడేళ్ల తర్వాత, 2022 జులై 25న ఆల్బర్టాలోని మాస్క్‌వాచిస్‌లో జరిగింది.

85 ఏళ్ల మనిషి, చక్రాల కుర్చీలో వచ్చారు. మొదట సమాధుల దగ్గర మౌనంగా కూర్చున్నారు. అంతకుముందు మార్చిలో మేరీ-ఆన్ డే వాకర్-పెల్టియే అనే మాజీ ఆదివాసీ నాయకురాలు ఆయన చేతికి చిన్నపిల్లల మొకాసిన్ చెప్పులు రెండు జతలిచ్చి, మా గడ్డ మీదికి వచ్చినప్పుడు తిరిగి ఇవ్వాలని షరతు పెట్టారు. ఆ మొకాసిన్లు ఆ రోజు ఆమెకు తిరిగొచ్చాయి. 4,120 మంది పిల్లల పేర్లు రాసిన పొడవాటి ఎర్ర గుడ్డను ఆయన ముందుకు తెస్తే ముద్దు పెట్టుకున్నారు. స్పానిష్‌లో మాట్లాడారు. చాలామంది ఏడ్చారు. అక్కడి బడిలోనే చదివిన విల్టన్ లిటిల్‌చైల్డ్ ఆయన తలకు ఈకల కిరీటం పెట్టారు. అప్పుడే ఒక క్రీ మహిళ లేచి, పిడికిలి బిగించి, కన్నీళ్లు కారుతుండగా తమ భాషలో పాట అందుకుంది. బాణీ కెనడా జాతీయగీతానిది కావడంతో జాతీయగీతమే పాడుతోందని చాలామంది పొరబడ్డారు. ఆ కిరీటం చూసి కొందరు మురిసిపోయారు, కొందరు మండిపడ్డారు. ఒకే జనం, ఒకే నిమిషం. ఒప్పుకోవడమన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందని అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మర్నాడు జస్టిస్ సింక్లెయిర్ ఒక ప్రకటన ఇచ్చారు. క్షమాపణలో పెద్ద లోటు ఉందన్నారు. చాలామంది క్రైస్తవులు చేసిన చెడు అని పోప్ అన్నారు గానీ, చర్చి ఒక సంస్థగా చేసినదాన్ని చెప్పలేదని. ఆయన పట్టుకున్నది నూటికి నూరుపాళ్లూ సరైన చోటే. ఎందుకంటే ఇదే ఫ్రాన్సిస్ 2015 జులైలో బొలీవియాలో మాట్లాడుతూ అమెరికా ఖండాల ఆదివాసీల పట్ల చర్చి తానే చేసిన నేరాలకు కూడా మన్నింపు కోరారు. అంటే ఆ మాట ఆయనకు రాక కాదు. దావాలు లేని బొలీవియాలో వచ్చిన మాట దావాలున్న కెనడాలో రాలేదు. విమానం ఎక్కాక విలేకరులు అడిగితే మాత్రం, అక్కడ జరిగింది జాతిసంహారమేనని, ఆ మాట అప్పుడు తట్టలేదని చెప్పారు. నేలమీద చెప్పాల్సింది ఆకాశంలో చెప్పారన్నమాట.

ఒంటితో చెప్పే క్షమాపణ గురించి మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 2019 సెప్టెంబరు 10న క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ జలియన్‌వాలాబాగ్‌లో స్మారకం ముందు బోర్లా పడుకుని మన్నింపు వేడుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మాట్లాడే హక్కు తనకు లేదని, మతపెద్దగా సిగ్గుపడుతున్నానని అన్నారు. 1919 ఏప్రిల్‌లో అదే అమృత్‌సర్‌లో, మార్సెల్లా షేర్‌వుడ్ అనే చర్చి మిషనరీ మీద దాడి జరిగిన సందులో జనం పొట్టమీద పాకుతూ వెళ్లాలని జనరల్ డయ్యర్ హుకుం వేశాడు. ఆ చరిత్ర తెలిసినవాళ్లకు ఆర్చిబిషప్ నేల మీద సాగిలపడడం ఊరికే కెమెరాల కోసమని అనిపించదు. బ్రిటిష్ ప్రభుత్వాలు నూరేళ్లుగా విచారం దగ్గరే ఆగిపోతున్న చోట ఆయన సారీ అన్నారు.

అయిదేళ్లు తిరిగేసరికి కథ తిరగబడింది. జాన్ స్మిత్ అనే న్యాయవాది క్రైస్తవ శిబిరాల్లో పరిచయమైన వంద మందికి పైగా అబ్బాయిల్ని దశాబ్దాలపాటు హింసించాడు. 2013లో తన దాకా వచ్చిన ఈ సమాచారంపై వెల్బీ చేయాల్సినంత చేయలేదని 2024 నవంబరులో విచారణ నివేదిక తేల్చింది. ఆయన రాజీనామా చేశారు. డిసెంబరు 5న ప్రభువుల సభలో వీడ్కోలు ప్రసంగం చేస్తూ, 1381లో తిరుగుబాటుదారులు తల నరికేసిన పూర్వపు ఆర్చిబిషప్ గురించి జోకు వేశారు. తన రాజీనామా వల్ల డైరీ చూసుకునే ఉద్యోగి పడ్డ అవస్థను తలచుకుని జాలిపడమన్నారు. సభ నవ్వింది. బాధితులు నవ్వలేదు. మర్నాడు ఆ ప్రసంగానికి కూడా ఆయన క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇతరులు వందేళ్ల కింద చేసిన పాపానికి సాష్టాంగపడడం కంటే తన హయాంలో తన బల్లమీదికి వచ్చిన ఫైలుకు జవాబుదారీ వహించడం ఎంత కష్టమో ఈ ఒక్క మనిషి జీవితంలో కనబడుతుంది.

మళ్లీ కెనడాకు వస్తే, పోప్ పర్యటన తర్వాత వాటికన్ ఊరికే కూర్చోలేదన్న మాట కూడా చెప్పాలి. క్యూబెక్ దగ్గర ఆయన పూజ చేస్తుండగానే ఇద్దరు మహిళలు ఆ సిద్ధాంతాన్ని రద్దు చేయండంటూ బ్యానరు విప్పారు. వాళ్లు అడిగింది "కనుగొన్న హక్కు" సిద్ధాంతం గురించి. 1452, 1455, 1493ల్లో పోప్‌లు ఇచ్చిన శాసనాల ఆసరాతో, క్రైస్తవేతరుల నేల కనుగొన్న రాజుదేనని యూరప్ వాదించింది. ఎనిమిది నెలలకు, 2023 మార్చి 30న, వాటికన్ ఆ సిద్ధాంతాన్ని తోసిపుచ్చింది. శాసనాలను మాత్రం లాంఛనంగా రద్దు చేయలేదు.

తర్వాత వస్తువుల వంతు వచ్చింది. 1925లో పదకొండో పియస్ రోములో మిషనరీ ప్రదర్శన పెట్టినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఫాదరీలు లక్షకు పైగా వస్తువులు పంపారు. వాటిలో దాదాపు 40 వేలు వాటికన్‌లోనే ఉండిపోయాయి. అవన్నీ పోప్‌కు వచ్చిన కానుకలని వాటికన్ మాట. ఆచారాలను నిషేధించి, పండుగ సామగ్రిని లాక్కున్న రోజుల్లో ఇచ్చిందంతా ఇష్టంగా ఇచ్చిందేనా అని ఆదివాసీల ప్రశ్న. 2025 నవంబరు 15న పోప్ 14వ లియో 62 వస్తువులను కెనడా బిషప్పులకు అప్పగించారు. డిసెంబరులో అవి మాంట్రియల్‌లో విమానం దిగాయి. వాటిలో ఇన్యూట్ వేటగాళ్ల కయాక్ పడవ ఒకటుంది. అప్పగింత ప్రకటనలో వాటిని పోప్ కెనడా బిషప్పులకు ఇచ్చిన బహుమతిగా రాశారు. ఆదివాసీలకు తిరిగి ఇచ్చిన సొత్తుగా రాయలేదు. ఏ వస్తువు ఏ ఊరిదో, ఎవరి తాతదో పోల్చి చెప్పే పని ఇప్పుడు ఆదివాసీ పెద్దలది. వాటికన్ మ్యూజియం గిడ్డంగుల్లో ఇంకా వేలాది వస్తువులున్నాయి.